తొరిజాకిలో ఆగే ఒంటిపెట్టె బండి

చనిపోయిన రోకురో-సాన్ కొమాకి స్టేషనరీ దుకాణం పై అంతస్తులో ఇంకా బొమ్మ రైళ్ళు నడుపుతున్నాడని మా కజకురాలో అంటారు. మంగలి షాపులో కత్తెర ఆపి మరీ చెబుతారు. ఆయన పోయిన తర్వాతే ఆ గదిలో ఒంటిపెట్టె డీజిల్ బండి దానంతట అది సొరంగంలోంచి బయటికి రావడం మొదలైందట. నెమ్మదిగా వచ్చి తొరిజాకి హాల్టులో ఆగుతుందట. ఎవరినో దించినట్టు కాసేపు నిలబడి, మళ్ళీ సొరంగంలోకి వెళ్ళిపోతుందట. చేపల కొట్టు ఆవిడ ఇంకో ముక్క కలిపింది. బండి ఆగగానే మెట్ల మీద ఎవరో దిగుతున్న అడుగుల చప్పుడు కూడా వినిపిస్తుందని. ఆ మాట విన్నప్పటి నుంచి బడి పిల్లలు రబ్బర్లకీ పెన్సిళ్ళకీ బస్టాండు పక్కనున్న సూపర్‌మార్కెట్టుకే పోతున్నారు.

నేను ఆ దుకాణంలోనే పని చేస్తాను. మెట్ల మీద అడుగులు నావి. మిగతాదంతా నేనూ కళ్ళారా చూశాను.

నేను రాస్తున్నది రోకురో-సాన్ గురించి కాదు, ఆయన భార్య మిత్సుయో-సాన్ గురించి. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులు. ఎప్పుడూ ముదురు నీలం ఏప్రన్, దాని జేబులో ఒక పాత ఫోను, నాలుగు పుదీనా బిళ్ళలు. నేను హైస్కూలు రెండో ఏడు మధ్యలో మానేశాను. ఎవరైనా నా ముఖంలోకి చూస్తూ మాట్లాడితే నాకు గొంతు పెగలదు. మిత్సుయో-సాన్ మాట్లాడేటప్పుడు ఎవరి ముఖమూ చూడదు, తన చేతిలో పనినే చూస్తుంది. అందుకే అక్కడ కుదురుకున్నాను.

కింద సిరా సీసాలు, కవర్లు, బడి పుస్తకాలు. పైన గది మొత్తం ఒకే ఒక్క బల్ల. కొండచరియలు విరిగిపడి ఆగిపోయి, మళ్ళీ వేయని మా కజకురా రైలు మార్గం ఆ బల్ల మీద చిన్నదిగా ఉంది. సముద్రం పక్కన కొండ, కొండలో సొరంగం, వంతెన, చివర తొరిజాకి హాల్టు. అసలు తొరిజాకిలో ఇప్పుడు పట్టాలు లేవు, గడ్డి ఉంది. వాడుకగా వచ్చే మనుషులు తమ రైళ్ళను పెట్టెల్లో భద్రంగా మోసుకొచ్చి, గంటల లెక్కన ఆ పట్టాలు అద్దెకు తీసుకుని నడుపుకుంటారు. తలలు నెరిసిన మగవాళ్ళు. బండి కదిలేముందు బొటనవేలంత సిగ్నల్ వైపు చూపుడువేలు చాచి, అసలు డ్రైవర్లలాగే, "సిగ్నల్ పచ్చ, బయలుదేరుదాం" అని పైకి అంటారు. అనకుండా నడిపితే మిగతావాళ్ళు ఊరుకోరు.

ఆ బల్ల మీద లేనివి మనుషుల బొమ్మలు. అలాంటి బల్లల మీద ప్లాట్‌ఫారం నిండా గొడుగులు పట్టుకున్నవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు ఉంటారు. ఇక్కడ ఒక్కరూ లేరు. కనీసం ఒక స్టేషన్ మాస్టరునైనా పెట్టమని మగవాళ్ళు అడుగుతూ ఉంటారు. ఏళ్ళ తరబడి ఒకే చోట నిలబడి బండి కోసం చూసే మనుషులను తను చూడలేనని మిత్సుయో-సాన్ అంటుంది. దాంతో సాయంత్రం దీపాలు వేసినప్పుడు ఊరంతా ఎక్కడికో లేచిపోయినట్టుంటుంది. ఇళ్ళలో వెలుగు ఉంటుంది, లోపల ఎవరూ ఉండరు.

రైళ్ళు ఎలా నడుస్తాయో కొంచెం చెప్పాలి. బల్ల కింద ఒక కంట్రోల్ డబ్బా ఉంది. పట్టాల గుండా ఇంజన్లకు ఆజ్ఞలు పంపేది అదే. ప్రతి ఇంజనుకూ ఒక నంబరు. ఏ నంబరును పిలిస్తే అదే కదలాలి, మిగతావి నిలబడి ఉండాలి. డబ్బాతో పాటు ఆ కంపెనీ ఇచ్చిన చేతిమీట ఉంది కానీ దాని బొత్తాలు బియ్యపుగింజలంత. మిత్సుయో-సాన్ వేళ్ళకు అవి చిక్కవు. అందుకని ఆవిడ మరిది కొడుకు కెయిగో-సాన్ పెద్ద ట్యాబ్ ఒకటి తెచ్చి, అందులో వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాం పెట్టిచ్చాడు. డబ్బా చేసిన కంపెనీకీ దానికీ సంబంధం లేదు. ఎక్కడో పరాయి దేశంలో ఒక మనిషి ఒంటరిగా కూర్చుని రాసి అమ్ముతాడట. తెర మీద ప్రతి ఇంజనుకూ ఒక బొమ్మ, పక్కనే నిలువుగా వేగం పట్టీ. వేలితో పైకి జరిపితే బండి కదులుతుంది, కిందికి లాగితే ఆగుతుంది. వాడుక మనుషుల ఫోన్లలోనూ అదే ప్రోగ్రాం ఉంది. మిత్సుయో-సాన్ ఫోనులో కూడా కెయిగో-సాన్ వేశాడు, మూసే వేళకు మెట్లెక్కకుండా కింద నుంచే కరెంటు ఆపేయడానికి. ఒకరు తమ ఫోనులో పట్టీ జరిపితే ట్యాబ్ మీద కూడా అది జరుగుతుంది.

నేను మొదటిసారి చూసింది వానాకాలంలో, మధ్యాహ్నం పూట. గదిలో ఉన్నది నేనూ, చేపల సంఘంలో పనిచేసి రిటైరైన ఒదగిరి-సానూ. ఆయన ఒక మూల వేలాడే తెర వెనకాల యార్డు దగ్గర ఏదో సర్దుకుంటున్నాడు. బండ్లను పట్టాల మీద పెట్టేదీ, తీసేదీ అక్కడే. నేను గుడ్డకు స్పిరిట్ అద్ది పట్టాలు తుడుస్తున్నాను. ట్యాబ్ తన స్టాండు మీద ఉంది. దాని దగ్గర ఎవరూ లేరు. నా కంటి చివర ఏదో కదిలినట్టయి తల తిప్పాను. ఒంటిపెట్టె బండి బొమ్మ పక్కనున్న పట్టీ పైకి జరుగుతోంది. కనపడని వేలు ఎవరిదో దాన్ని నెమ్మదిగా, ఆగి ఆగి తోస్తున్నట్టు.

సొరంగంలోంచి ముందు వెలుగు వచ్చింది. తర్వాత బండి వచ్చింది. పాలమీగడ రంగు, కింద ఎర్ర పట్టీ. లోపల దీపం వెలుగుతోంది, సీట్లు ఖాళీగా ఉన్నాయి. నా చెయ్యి ఉన్న చోటికే వస్తోంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అది నా ముందు నుంచి వెళ్ళి, తొరిజాకి ప్లాట్‌ఫారాన్ని సగం దాటి ఆగింది. గుడ్డ నా చేతిలోంచి ఎప్పుడు పడిందో తెలియదు.

తెర పక్కకు తీసి ఒదగిరి-సాన్ బయటికి తొంగి చూశాడు. బండిని చూసి, నన్ను చూసి, నువ్వా అని సైగ చేశాడు. కాదన్నాను. ఆయన ముఖం కూడా పాలిపోయింది. ఊళ్ళో మాట పుట్టింది ఆ సాయంత్రమే. ఎలా పుట్టిందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత అది జరుగుతూనే ఉంది. నెలలో కొన్నిసార్లు, అన్నీ పగటిపూటే. ఒదగిరి-సాన్ తప్పంతా ప్రోగ్రాం మీద వేశాడు.

"పరాయివాడు రాసింది ఇంట్లో పెట్టుకుంటే ఇంతే కొమాకి-సాన్. వాడు దయ్యాలకు కూడా తాళంచెవి ఇచ్చేస్తాడు."

"దయ్యమైతే నాకు అద్దె కట్టాలిగా," అంది మిత్సుయో-సాన్ ఆయన టీ కప్పు తుడుస్తూ. "మీరు కూడా మొన్నటిది కట్టలేదు."

ఆయన ఊరుకోలేదు. ఆ ప్రోగ్రాం రాసిన మనిషికి, తర్జుమా చేసే యంత్రం సాయంతో, కోపంగా ఒక మెయిల్ పంపాడు. రెండు రోజులకు జవాబు వచ్చింది. దాన్ని అందరికీ చదివి వినిపిస్తూ ఆయన గొంతు చివర్లో తగ్గిపోయింది. ఎవరూ కదపకుండా ఆ పట్టీ కదిలే వీలు తన ప్రోగ్రాంలో లేదట. కదిలిందంటే ఎవరో కదిపారు, ఎవరో మీరే చూసుకోండి అని ఉంది. కిటికీ మీద వాన చప్పుడు ఒక్కటే. ఒకాయన లేచి తన రైలును పెట్టెలో సర్దుకున్నాడు.

ఆ వారంలోనే మిత్సుయో-సాన్ నన్ను వెనక వంటగదిలోకి పిలిచింది. ఉప్పులో ఊరుతున్న ఉమె అనే పుల్లటి కాయలను జాడీలో ఒక్కొక్కటే తిరగేస్తోంది.

"నవో, ఆ బండంటే భయమేస్తోందా?"

కొంచెం అన్నాను.

"నాకూ వేస్తోంది. కానీ నీ భయం వేరు, నా భయం వేరు." ఒక కాయ చితికిపోయి ఉంటే పక్కన పెట్టింది. "ఆయన వస్తే రానీ. కూర్చోబెట్టి టీ పోస్తాను. నా భయం అది కాదు. నేనే నడిపి, నడిపిన సంగతి మరిచిపోతున్నానేమోనని."

ఆవిడ కాయలు తిరగేస్తూనే చెప్పింది. ఈ మధ్య ఒకసారి గిన్నె మాడ్చిందట. కెయిగో-సాన్‌కు ఒకే సంగతి చెప్పడానికి రెండుసార్లు ఫోన్ చేసిందట, రెండోసారి మొదటిసారిలాగే. బండి సంగతి అతని దాకా వెళ్ళింది. శరదృతువులో పెద్దలను తలుచుకునే హిగన్ రోజులకు సమాధి కడగడానికి వచ్చినప్పుడు తేల్చుకుంటానన్నాడట. అది ఆవిడ పనే అయితే దుకాణం మూసేసి, తన ఊరిలో ఉన్న వృద్ధుల ఆశ్రమంలో చేరుస్తానన్నాడు.

"వాడు చెడ్డవాడు కాదు. నా బుర్ర పాడైందన్నది నిజమైతే నా కాళ్ళతో నేనే వెళ్తాను. నిజమో కాదో నాకే తెలియకుండా నన్ను మూటలా మోసుకుపోతే మాత్రం ఒప్పుకోను." అప్పుడు మొదటిసారి ఆవిడ నా ముఖం వైపు చూసింది. "నువ్వు మాట్లాడవు కానీ అన్నీ చూస్తావు. ఇది కూడా చూడు. చూసి చెప్పు. నేనే అయితే నేనే అని చెప్పాలి. జాలిపడి దాచకూడదు."

చెబుతానన్నాను.

అప్పటి నుంచి చూడటమే నా పని. ఒబోన్ రోజుల్లో, పోయినవాళ్ళు ఇళ్ళకు తిరిగొస్తారని గుమ్మాల ముందు దీపాలు పెట్టే రోజుల్లో, ఊళ్ళో ఆ మాట మరీ బలపడింది. పై అంతస్తు కిటికీ చూడటానికి వీధిలో మనుషులు ఆగేవారు. పైన బల్ల ముందు కూర్చుంటే నాకూ వెన్ను జలదరించేది. బొమ్మ ఇళ్ళలో దీపాలు, లోపల ఎవరూ లేరు, సొరంగం నోరు నల్లగా. లోపల ఆ బండి ఉందని తెలుసు. దాని వైపు చూస్తూ ఉంటే అది కూడా చూస్తున్నట్టుండేది.

చూడగా చూడగా నాకు ఒక సంగతి తట్టింది. బండి ఎప్పుడూ ఒకేలా రాదు. కొన్ని రోజులు జర్కుతో కదులుతుంది, వంతెన మీద ఊరికే ఆగుతుంది, ప్లాట్‌ఫారం దాటిపోతుంది, బండి నడపడం రానివాళ్ళ చేతిలో ఉన్నట్టు. కొన్ని రోజులు వేరుగా వస్తుంది. మలుపు ముందు వేగం తగ్గించుకుంటుంది. తొరిజాకిలో ప్లాట్‌ఫారం అంచున తెల్లటి గీత ఒకటి గీసి ఉంది. బండి తలుపు వచ్చి సరిగ్గా ఆ గీత దగ్గర ఆగుతుంది. ఎవరైనా దిగడానికి పట్టేంత సేపు నిలబడుతుంది. అలా వచ్చిన రోజే నాకు ఎక్కువ భయమేసేది.

ఒబోన్ చివరి రోజు అలాగే వచ్చింది. గదిలో నేనొక్కదాన్నే. పట్టీ పైకి జరిగింది, బండి వచ్చింది, గీత దగ్గర ఆగింది. నేను దడదడా మెట్లు దిగాను. మిత్సుయో-సాన్ గల్లా దగ్గర సిరా సీసాలు వరసలో పెడుతోంది. నా ముఖం చూసి ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"మళ్ళీనా?"

అవునన్నాను. "మీరు ఇక్కడే ఉన్నారు కదా," అన్నాను. "ట్యాబ్ పైన ఉంది. మీరు కాదు."

ఆవిడ పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. నేను కాదు, నేను కాదు అని రెండుసార్లు తనలో తను అనుకుంది. ఆ రోజు మాకిద్దరికీ చల్లటి నూడుల్స్ చేసింది. ఎప్పుడూ లేనిది పాట కూనిరాగం తీసింది.

అసలు గుట్టు కొంత బయటపడింది సెప్టెంబరు మొదట్లో. ఒదగిరి-సాన్ తెర వెనక ఉన్నాడు. బండి జర్కుతో బయటికొచ్చింది. నాకు ఆ జర్కు అప్పటికి బాగా గుర్తు. భయం కన్నా ముందు నా కాళ్ళు కదిలాయి. వెళ్ళి తెర పక్కకు లాగాను. ఆయన చేతిలో ఫోను, ముందు పట్టాల మీద మెరిసిపోతున్న కొత్త ఇంజను, పక్కన చించిన అట్టపెట్టె. చాక్లెట్ దొంగిలించిన పిల్లవాడిలా నిలబడ్డాడు. ఆయన వేలు ఫోను మీద కిందికి జరిగింది. కొత్త ఇంజను ఆగింది. నా వెనకాల బల్ల మీద ఒంటిపెట్టె బండి కూడా ఆగింది.

విషయం ఇది. కొత్త ఇంజను ఏదైనా దుకాణం నుంచి వచ్చేటప్పుడు దానికి మూడో నంబరే ఉంటుంది. దాన్ని తెచ్చుకున్నవాళ్ళు ముందు వేరే నంబరు పెట్టుకోవాలి, ఆ తర్వాతే బల్ల మీద ఎక్కించాలి. మా గదిలో అది మొదటి నియమం. ఒదగిరి-సాన్ ఇంటావిడ ఇంకొక్క ఇంజను కొంటే ఇంట్లోకి రానివ్వనని ఒట్టు పెట్టిందట. అందుకని ఆయన కొత్తవాటిని తిన్నగా ఇక్కడికే తెచ్చి, తెర వెనక దొంగచాటుగా విప్పి, ఆత్రం కొద్దీ నంబరు మార్చకుండానే ఒక్కసారి కదిపి చూసుకుని మళ్ళీ దాచేసేవాడు. సొరంగంలో ఉండే ఒంటిపెట్టె బండి ఈ ఇంట్లోకి అన్నిటికన్నా ముందు వచ్చింది. కంట్రోల్ డబ్బా కొన్నాక నంబరు చిప్పు మొదట పెట్టించింది దానికే, అప్పట్లో అదొక్కటే కాబట్టి ఆ నంబరు ఎవరూ మార్చలేదు. అదీ మూడే. ఆయన తన ఇంజనును పిలిచినప్పుడల్లా అదీ పలికింది.

"అంటే ఆ దయ్యం మీరే," అంది మిత్సుయో-సాన్.

"ఇంట్లో చెప్పకండి కొమాకి-సాన్."

"మీరు దయ్యమనా, ఇంకో ఇంజను కొన్నారనా?"

"దయ్యమని చెప్పుకోండి. అదే నయం."

ఆవిడ కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. ఆ సాయంత్రమే ఒంటిపెట్టె బండికి కొత్త నంబరు పెట్టాం. ట్యాబ్‌లోనూ మార్చాం, ఆవిడ ఫోనులోనూ మార్చాం. హిగన్‌కు కెయిగో-సాన్ వచ్చినప్పుడు ఒదగిరి-సాన్ స్వయంగా తల వంచి తన తప్పు చెప్పుకున్నాడు. కెయిగో-సాన్ ముఖం ఎర్రబడిపోయి, నీ మీద లేనిపోని అనుమానం పడ్డాను పెద్దమ్మా అని, నీకు ఎన్నాళ్ళు నడపాలనిపిస్తే అన్నాళ్ళు దుకాణం నడుపుకోమని చెప్పి వెళ్ళాడు.

నాకు మాత్రం ఒక ముల్లు మిగిలిపోయింది. ఒబోన్ చివరి రోజు ఒదగిరి-సాన్ భార్యతో కలిసి కూతురి ఇంటికి వెళ్ళాడు. బండి గీత దగ్గర ఆగిన ఏ రోజూ ఆయన తెర వెనక లేడు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. కళ్ళతో చూడకుండా ఊహించుకున్నది చెప్పకూడదనుకున్నాను.

నవంబరులో మంచూ వానా కలిసి పడే రోజొకటి. నాలుగు కాకుండానే చీకటి పడినట్టుంది. వాడుకవాళ్ళు ఎవరూ రాలేదు. నేను పైన పట్టాలు తుడుస్తున్నాను. ట్యాబ్ మీద పట్టీ కదిలింది. కొత్త నంబరు పెట్టాక అదే మొదటిసారి. బండి సొరంగంలోంచి నెమ్మదిగా బయటికొస్తోంది. ఈసారి నేను దాన్ని చూస్తూ నిలబడలేదు. చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా మెట్లు దిగాను, సగం దాకా.

మిత్సుయో-సాన్ గల్లా వెనకాల నిలబడి ఉంది. దుకాణంలో దీపం వేయలేదు. ఫోను వెలుగు కింద నుంచి ఆవిడ గడ్డం మీద పడుతోంది. కానీ ఆవిడ ఫోను చూడటం లేదు. తల వెనక్కి వాల్చి పైకప్పును చూస్తోంది. పైన పట్టాల అతుకుల మీద చక్రాల చప్పుడు. టక్-టక్, టక్-టక్. వంతెన మీదికి రాగానే ఆ చప్పుడు డొల్లగా మారింది. ఆవిడ బొటనవేలు ఫోను మీద కొంచెం కిందికి జరిగింది. మలుపులో చప్పుడు నెమ్మదించింది. ఆవిడ కళ్ళు పైకప్పు మీద బండి వెంటే వెళ్తున్నాయి, గోడ నుంచి గోడ దాకా. చప్పుడు ఆగింది. ఎవరైనా దిగడానికి పట్టేంత సేపు ఆవిడ అలాగే ఉంది, ఊపిరి కూడా తీయనట్టు. తర్వాత రెండో చేతి చూపుడువేలు చీకట్లో ముందుకు చాచింది.

"సిగ్నల్ పచ్చ. బయలుదేరుదాం."

ఆ గొంతు ఆవిడది కాదనలేను. కానీ అంత పడుచు గొంతుతో ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

బండి సొరంగంలోకి వెళ్ళిపోయింది. ఆవిడ ఫోనును ఏప్రన్ జేబులో వేసుకుని, పైనుంచి ఒకసారి తట్టింది. దీపం వేసింది. సిరా సీసాల వైపు తిరిగి ఒకదాన్ని ముందుకు జరిపింది. అప్పుడు మెట్ల మీద నన్ను చూసింది.

"ఏంటి చెప్పుల్లేకుండా నిలబడ్డావు, కాళ్ళు చల్లబడతాయి. పైన చప్పుడైనట్టుందే. ఎవరైనా వచ్చారా?"

ఎవరూ రాలేదు అని చెబితే అది అబద్ధం కాదు. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఆవిడ నా ముఖం చూడటం లేదు, సీసా మీద దుమ్ము తుడుస్తోంది.

"మీరే, మిత్సుయో-సాన్," అన్నాను.

"నేనేంటి?"

"బండి. ఇప్పుడే మీరే నడిపారు. ఫోనుతో."

ఆవిడ జేబులోంచి ఫోను తీసింది. తెర మీద ఒంటిపెట్టె బండి బొమ్మ, పక్కన కిందికి దిగిన పట్టీ. ఆవిడ దాన్ని చూసింది. తర్వాత తన బొటనవేలును తిప్పి తిప్పి చూసింది, అది వేరేవాళ్ళది అన్నట్టు. బయట మంచు వాన. లోపల స్టవ్ మీద కెటిల్ మూత కదులుతోంది.

"నంబరు మార్చాం కదా," అంది.

"మార్చాం."

"అయితే ఒదగిరి-సాన్ కాదు."

"కాదు."

"ఒబోన్ రోజు?"

"ఆ రోజు కూడా మీరే అయ్యుండాలి. నేను ఫోను సంగతి ఆలోచించలేదు."

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. ఏడుస్తుందేమోనని నేను పక్కకు చూశాను. ఏడవలేదు.

"ఎలా ఆగింది?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు.

"తొరిజాకిలో. గీత దాటిందా?"

"ఈసారి నేను చూడలేదు, మిమ్మల్ని చూస్తున్నాను. కానీ ఇదివరకు అన్నిసార్లూ తలుపు సరిగ్గా గీత దగ్గరే."

"కింద నుంచి, చూడకుండా?"

"కింద నుంచే."

ఆవిడ తల ఊపింది. పుదీనా బిళ్ళ ఒకటి నాకిచ్చి, ఒకటి నోట్లో వేసుకుని, దుకాణం ఫోను దగ్గరికి వెళ్ళింది.

"కెయిగో, పెద్దమ్మను. ఈ మాట నీకు ఇంతకుముందు చెప్పానా? చెప్పలేదుగా, సరే విను. నువ్వు మొదట అన్నదే నిజం. నేనే నడుపుతున్నాను." అటువైపు అతను ఏదో అన్నాడు. "కాదు, నవో చూసింది. నేనే చూడమన్నాను. ఆసుపత్రికి ఎప్పుడు వెళ్దామో చెప్పు, నేను బస్సులో వస్తాను. నువ్వు తీసుకెళ్ళడానికి రావద్దు."

బస్సులోనే వెళ్ళింది. డాక్టరు బొమ్మలు చూపించి, కాసేపాగి ఏం చూశారని అడిగిందట. రైలు బొమ్మ ఒక్కటే చెప్పగలిగానని తిరిగొచ్చాక నాతో అంది. మతిమరుపు జబ్బు మొదలైంది, ముదరడానికి ఇంకా కొంత కాలం ఉంది. మార్చి నెలాఖరుతో దుకాణం మూసేయాలని నిర్ణయించింది ఆవిడే. వాడుకవాళ్ళందరినీ పిలిచి నిలబడి చెప్పింది. ఒదగిరి-సాన్ ఆ రోజు ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు. బల్లను కోసి ముక్కలుగా విడదీయడానికి రంపం తనే తెస్తానన్నాడు. తొరిజాకి హాల్టు ఉన్న ముక్క ఆవిడతో పాటు ఆశ్రమానికి వెళ్తుంది. ఇప్పుడు మధ్యాహ్నాలు ఆవిడ మెల్లగా మెట్లెక్కి ట్యాబ్ ముందు కూర్చుంటుంది. నేను పక్కన కూర్చుంటాను. కొన్నిసార్లు తను నడుపుతున్నట్టు ఆవిడకు తెలుసు. కొన్నిసార్లు చూపు సొరంగం వైపు నిలిచిపోతుంది, వేలు మాత్రం కదులుతుంది. అప్పుడు నేను పలకరించను.

ఊళ్ళో మాట ఆగలేదు. రోకురో-సాన్ భార్యను పిలుస్తున్నాడని, అందుకే పాపం ఆవిడ ఆయన ప్రాణంలా చూసుకున్న బల్లను విప్పించేస్తోందని మంగలి షాపులో అంటున్నారు. నేనూ నిన్నటి దాకా సగం అలాగే అనుకున్నాను. బల్ల ఎవరిదని ఎవరైనా అడిగితే ఆవిడ "ఇంట్లోవాళ్ళది" అని ఊరుకునేది. నిన్న మరలు విప్పుతూ నేను అడిగితే మామూలుగా చెప్పింది. ఆ బండి ఆవిడ పెళ్ళికి ముందు తన జీతంతో కొనుక్కున్నది. ప్రతి పట్టా, ప్రతి వంతెన తన చేత్తో వేసుకున్నది. రోకురో-సాన్‌కు రైళ్ళంటే విసుగు. బతికుండగా ఆయన ఆ గదిలోకి ఎక్కింది ఒక్కసారే, కప్పు కారితే కింద బకెట్టు పెట్టడానికి.